ట్రౌట్ ఏరు, వంగిన బావి

ఒక చోట మొదలుపెట్టిన చమురు బావి నేరుగా కిందికే దిగాలని లేదు. కొంత లోతుకు వెళ్లాక వాలుగా మళ్లించి, పక్కవాళ్ల స్థలం కిందికి చేర్చవచ్చు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సవోయ్ ఎనర్జీ అనే కంపెనీ 2000 దశకం మొదట్లో వేసుకున్న ప్లాన్ ఇదే. రిగ్, అంటే బావి తవ్వే యంత్రం, నిలబడేది కేంద్ర ప్రభుత్వ అడవిలో. బావి అడుగు చేరేది దాని పక్కనే ఉన్న మేసన్ ట్రాక్ట్ అనే రక్షిత స్థలం కిందికి. ఆ స్థలం గుండానే ఆసాబుల్ నది దక్షిణ పాయ పారుతుంది. పాయ ఒడ్డున చెట్టు కొట్టే పని లేదు, గొయ్యి తవ్వే పని లేదు. నది జోలికే వెళ్లడం లేదు కదా అన్నది కంపెనీ ధీమా.

ఈ వంకర బావిని ఆపడానికి సాగిన కేసు, దానికి ముందూ వెనకా అదే ప్రాంతంలో నడిచిన ఇంకో రెండు కేసులు కలిపి చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. 'ఈ నది దగ్గర చమురు తీయకూడదు' అని ఏ చట్టమూ ఎక్కడా చెప్పలేదు. అయినా బావులు ఆగాయి. ఆపినవి ఎక్కువగా కాగితాల మీది లోపాలే. అందుకే గెలిచిన ప్రతిసారీ ఆ గెలుపు ఎంతకాలం నిలుస్తుందోనన్న టెన్షన్ తప్పలేదు.

ముందు నది గురించి. ఆసాబుల్ మిషిగన్ దిగువ ద్వీపకల్పపు ఉత్తర భాగంలో పుట్టి, గ్రేలింగ్ పట్టణం మీదుగా సాగి, హ్యూరాన్ సరస్సులో కలుస్తుంది. మంచుయుగం చివర్లో కరిగిన హిమానీనదాలు ఆ ప్రాంతమంతా ఇసుక, గులకరాయి మేటలు వేసి పోయాయి. పడిన వాన పైపైన కొట్టుకుపోకుండా ఆ ఇసుకలో ఇంకిపోయి, భూమిలో చల్లబడి, ఊటలుగా నదిలోకి వస్తుంది. అందుకే దీనికి వరదలు తక్కువ, ఎండిపోవడమూ తక్కువ. నడి వేసవిలో కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి. ట్రౌట్ చేపకు కావలసింది అదే. వాగుల్లో ఉండే బ్రూక్ ట్రౌట్‌కు నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 25 దాటితే బతకడమే కష్టం. అంటే ఈ చేప బతుకు నదిలో కన్నా నది పక్క భూగర్భంలో ఎక్కువ ఉంది. అక్కడి నీళ్లు తోడినా, అక్కడ ఉప్పు నీరో చమురో కలిసినా దెబ్బ తగిలేది చేపకే.

గ్రేలింగ్ అన్న ఊరి పేరు నిజానికి ఒక చేప పేరు. ఒకప్పుడు ఈ నది నిండా ఉండేవి ఆ చేపలే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కలప కంపెనీలు అడవులు నరికి దుంగలన్నీ నదిలో తోశాయి. గుడ్లు పెట్టే గులకరాళ్ల నేల ఆ దెబ్బకు చెడిపోయింది. దానికి తోడు హద్దూ పద్దూ లేని చేపల వేట. 1930లు వచ్చేసరికి ఆ చేప రాష్ట్రంలోనే లేకుండా పోయింది. ఇప్పుడు అందరూ కాపాడాలంటున్న బ్రౌన్ ట్రౌట్ యూరప్ నుంచి తెచ్చి వదిలింది. రెయిన్‌బో ట్రౌట్ పడమటి తీరం నుంచి వచ్చింది. కశ్మీర్ వాగుల్లోకి ఇంగ్లీషువాళ్లు ట్రౌట్‌ను తెచ్చి వదిలిన కాలమూ దాదాపు అదే. 'సహజ వారసత్వం' అన్న మాట ఈ నది విషయంలో అంత తేలిగ్గా వాడలేం. ఒకసారి నదిని పోగొట్టుకున్న ఊరు కనుకే రెండోసారి అంత మొండిగా పట్టుకుంది అనుకోవచ్చు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో పుట్టింది ఈ నది ఒడ్డునే. గ్రేలింగ్ దిగువన దాదాపు 8 మైళ్ల భాగాన్ని స్థానికులు 'పవిత్ర జలాలు' అంటారు. అక్కడ ఈకలతో, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుతోనే గాలం వేయాలి. పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకి వదిలేయాలి.

మేసన్ ట్రాక్ట్ కథ వేరు. జార్జ్ మేసన్ కార్ల కంపెనీ పెద్ద. నాష్-కెల్వినేటర్‌ను నడిపి, 1954లో అమెరికన్ మోటార్స్ ఏర్పాటు చేసి, అదే ఏడాది పోయాడు. దక్షిణ పాయ వెంట తనకున్న సుమారు 1500 ఎకరాలను వీలునామాలో రాష్ట్రానికి రాసిచ్చాడు. ఎప్పటికీ అమ్మకూడదు, వన్యప్రాణుల రక్షిత స్థలంగానే ఉంచాలి, 25 ఏళ్ల దాకా అక్కడ గుడారాలు వేయనివ్వకూడదు అని షరతులు పెట్టాడు. తర్వాత రాష్ట్రం చుట్టుపక్కల భూమి కూడా కలుపుతూ పోయింది. ఇప్పుడది దాదాపు 4500 ఎకరాలు. ఏటి ఒడ్డున ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది, చేపల వేటకు వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని వెళ్లడానికి.

గుడారాల గురించి కూడా ఆలోచించిన మనిషి రాసిచ్చిన స్థలం. అయినా దాని అడుగున ఉన్న చమురు, గ్యాస్ లీజుకు వెళ్లడాన్ని ఆ షరతులేవీ ఆపలేకపోయాయి.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే అమెరికాలో భూమి హక్కు రెండుగా చీలుతుందని గుర్తుపెట్టుకోవాలి. పై నేల ఒకరిది, కింది ఖనిజం ఇంకొకరిది కావచ్చు. ఖనిజ హక్కును విడిగా అమ్మవచ్చు, లీజుకివ్వవచ్చు. దాన్ని తీసుకున్నవాడికి ఆ ఖనిజం దాకా చేరే హక్కు కూడా ఉంటుంది. కోనసీమ వాళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు. కొబ్బరి తోట రైతు పేరునే ఉంటుంది, అడుగున గ్యాస్ లీజు మాత్రం ప్రభుత్వం ఇస్తుంది. మిషిగన్‌లో మేసన్ ట్రాక్ట్ విషయంలో నేలా రాష్ట్రానిదే, అడుగున ఖనిజాలూ రాష్ట్రానివే. ఆ ఖనిజాలను రాష్ట్రం లీజుకిచ్చింది, కాకపోతే పైన నేలను ముట్టుకోకూడదన్న షరతు పెట్టింది. షరతును కంపెనీ ఉల్లంఘించలేదు. పక్కన ఉన్న హ్యూరాన్-మనిస్టీ జాతీయ అడవిలో రిగ్ పెట్టుకుంటామని కేంద్ర అటవీ శాఖను అడిగింది.

ఆ ఒక్క అడుగే కథను మలుపు తిప్పింది. రిగ్ రాష్ట్ర భూమిలోనే ఉండి ఉంటే ఇది మిషిగన్ లోపలి వ్యవహారంగా మిగిలేది. కేంద్ర భూమిలోకి రావడంతో జాతీయ పర్యావరణ విధాన చట్టం, అంటే నీపా, రంగంలోకి వచ్చింది. 1970 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం కేంద్ర సంస్థ ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకునే ముందు దానివల్ల పర్యావరణానికి ఏం జరుగుతుందో పరిశీలించాలి. మొదట ఒక చిన్న నివేదిక రాస్తారు. చెప్పుకోదగ్గ ప్రభావం ఉంటుందని అందులో తేలితే పూర్తిస్థాయి ప్రభావ నివేదిక తయారు చేయాలి. దానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. ప్రభావం ఏమీ లేదని రాసుకుంటే అక్కడితో ఫైలు ముగుస్తుంది. ఏ సంస్థకైనా రెండో దారే ముద్దు. అటవీ శాఖ 2005లో అదే దారిలో వెళ్లి అనుమతి ఇచ్చేసింది.

ఆసాబుల్ చేపల వేటగాళ్ల సంఘం, సియెరా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కలిసి ఫెడరల్ కోర్టుకు, అంటే కేంద్ర కోర్టుకు, ఎక్కాయి. 2005 డిసెంబరులో జడ్జి డేవిడ్ లాసన్ డ్రిల్లింగ్‌ను నిలిపేస్తూ తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చారు. 2008 జులైలో తుది తీర్పు చెబుతూ అటవీ శాఖ అనుమతిని కొట్టేశారు. బావి వల్ల నది చెడిపోతుందని కోర్టు తేల్చలేదు. చెడిపోదని అటవీ శాఖ తేల్చుకున్న తీరు సరిగా లేదని మాత్రమే చెప్పింది. జనం అక్కడికి వెళ్లేదే నిశ్శబ్దం కోసం, ఏకాంతం కోసం. ఆ అనుభవం మీద పడే దెబ్బనూ, వేరే మార్గాలనూ గట్టిగా పరిశీలించకుండా 'ప్రభావం లేదు' అని రాయడం ఏకపక్షం అన్నది తీర్పు సారం.

వాదనల్లో చేప కంటే చప్పుడుకు ఎక్కువ బలం దొరకడం విశేషం. నిజానికి ఇందులో వింతేమీ లేదు. చేపకు ఏమవుతుందో రుజువు చేయాలంటే బావి తవ్వి, ఏదైనా లీకై, ఆ లీకు నీళ్లలో కలిసే దాకా ఆగాలి. కంప్రెసర్ మోత, లారీల రాకపోకలు, అడవిలో వేసే రోడ్డు ఇవన్నీ మొదటి రోజునుంచే ఖాయం. ఏదో ఒక రోజు జరగవచ్చు అనే నష్టం కన్నా తప్పకుండా జరిగే నష్టానికే కోర్టులో విలువ. పర్యావరణ కేసులు నడిపే లాయర్లు ఈ కిటుకు తెలిసినవాళ్లు.

ఈ కేసులో ఇంకో ముడి కూడా ఉంది. కంపెనీ అడిగింది అన్వేషణ బావికి. అంటే గ్యాస్ ఉందో లేదో చూడటానికి ఒకే ఒక్క బావి. దాని వరకే లెక్కేస్తే ప్రభావం తక్కువగానే కనిపిస్తుంది. గ్యాస్ పడితే మాత్రం పైపులైన్లు, ప్రాసెసింగ్ యూనిట్, పక్కపక్కన ఇంకొన్ని బావులు అన్నీ వస్తాయి. అప్పటికే కంపెనీ డబ్బు పెట్టేసి ఉంటుంది, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అన్వేషణను, ఉత్పత్తిని విడదీసి చూడటం అన్ని దేశాల్లోనూ జరిగే పనే. మన దగ్గర 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అన్వేషణ డ్రిల్లింగ్‌ను బీ2 కేటగిరీలోకి మార్చింది. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కొత్తగా వేసే అన్వేషణ బావులకూ ఆ మార్పే వర్తిస్తుంది.

మేసన్ ట్రాక్ట్ కేసుకు దాదాపు 30 ఏళ్ల ముందు, అక్కడికి ఉత్తరాన పిజన్ రివర్ అడవిలో మొదటి యుద్ధం జరిగింది. అదీ ట్రౌట్ నదే. 1968లో రాష్ట్రం ఉత్తర ప్రాంతంలో 5 లక్షల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని చమురు కంపెనీలకు లీజుకిచ్చింది. 1970లో అడవిలో చమురు పడింది. అదే ఏడాది మిషిగన్ తన సొంత పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చింది. మిషిగన్ యూనివర్సిటీ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ జోసెఫ్ సాక్స్ దాన్ని రాశారు. గాలి, నీరు, ఇతర సహజ వనరులు పాడవుతున్నాయనిపిస్తే ఎవరైనా సరే కోర్టుకు వెళ్లవచ్చు అన్నది అందులో గుండెకాయ లాంటి మాట. నష్టం నీకే జరిగిందని చూపించాల్సిన అవసరం లేదు. ఆ రోజుల్లో అమెరికాలో ఎక్కడా లేని వెసులుబాటు అది.

పిజన్ రివర్‌లో 10 అన్వేషణ బావులకు ఇచ్చిన అనుమతుల మీద కేసు పడింది. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ డ్రిల్లింగ్‌ను ఆపేసింది. ఆపింది చేప కోసం కాదు, ఎల్క్ అనే పెద్ద దుప్పి కోసం. ఆ దుప్పులు కూడా ఒకసారి అంతరించి, 1918లో పడమటి నుంచి తెచ్చిన 7 జంతువులతో మళ్లీ మొదలైన మంద. ఆ మందకు గట్టి దెబ్బ తగులుతుందని, ఎంత అన్నది లెక్క కట్టలేకపోయినా అది చట్టం ఒప్పుకోని నష్టమేనని కోర్టు అంది. లెక్క కట్టలేని నష్టాన్ని నష్టంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయితే అది పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టిన ఏడాది. తీర్పు వచ్చిన మర్నాటి నుంచే దాన్ని చట్టసభలో చెల్లకుండా చేసే ప్రయత్నం మొదలైంది. చివరికి 1980లో రాజీ కుదిరింది. అడవి దక్షిణాన మూడో వంతులో గట్టి షరతులతో డ్రిల్లింగ్ చేసుకోవచ్చు, మిగతా రెండొంతుల జోలికి రాకూడదు. నిక్కచ్చిగా చూస్తే కోర్టులో పూర్తిగా గెలిచినవాళ్లు చర్చల బల్ల దగ్గర మూడో వంతు వదులుకున్నారు. కానీ ఆ రాజీ ఇంతకాలం నిలిచింది. కోర్టు తీర్పు ఒక్కటే ఉంటే నిలిచేదా అన్నది అనుమానమే, ఎందుకంటే మూడో కేసులో జరిగింది చూస్తే తీర్పు ఎంత పలచటి కాగితమో అర్థమవుతుంది.

మూడోది మెరిట్ ఎనర్జీ కేసు. ఇక్కడ గొడవ కొత్త బావి గురించి కాదు, పాత కాలుష్యాన్ని శుభ్రం చేయడం గురించి. ఆట్‌సెగో కౌంటీలో ఒక చమురు ప్రాసెసింగ్ కేంద్రం నుంచి కలుషితాలు భూగర్భ జలంలోకి చేరాయి. కేంద్రాన్ని తర్వాత తీసుకున్న మెరిట్, ఆ నీళ్లను తోడి శుద్ధి చేస్తామంది. శుద్ధి చేసిన నీళ్లను ఎక్కడ పోయాలి? మైలుకు పైగా పైపు వేసి కోల్కీ క్రీక్ అనే చిన్న వాగులోకి, రోజుకు 11.5 లక్షల గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 43 లక్షల లీటర్లు. రాష్ట్ర పర్యావరణ శాఖ సరేనంది. వాగు ఒడ్డున ఉన్న ప్రభుత్వ భూమిలో పైపు వేసుకోవడానికి దారి కూడా రాసిచ్చింది. కోల్కీ క్రీక్ ఆసాబుల్‌కు తల్లివేరు లాంటిది. తోడే నీళ్లు మాత్రం పక్కనున్న మనిస్టీ నది పరీవాహకానివి. ఒక నది నీళ్లు, అదీ మురికి పట్టిన నీళ్లు, కడిగి ఇంకో నది నెత్తిన పోయడం.

కింది కోర్టు ఆపింది. అప్పీలు కోర్టు 2009లో కొంత అటూ కొంత ఇటూ చెప్పింది. 2010 డిసెంబరు చివర్లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో చేపల వేటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది. రెండు పెద్ద మాటలు అందులో ఉన్నాయి. ఒకటి, ఒడ్డున స్థలం ఉన్నవాడికి నీటి మీద ఉండే హక్కును పట్టుకుని వేరే పరీవాహకపు నీళ్లు తెచ్చి పోయడం కుదరదు. రెండు, పర్మిట్ ఇచ్చిన ప్రభుత్వ శాఖ మీద కూడా 1970 చట్టం కింద కేసు వేయవచ్చు. 2004లో ఇదే కోర్టు పర్మిట్ ఇచ్చే ప్రక్రియను ఆ చట్టం కింద ప్రశ్నించకూడదని చెప్పి ఉంది. ఆ పాత తీర్పును ఇప్పుడు కొట్టేసింది.

ఆ ఆనందం నాలుగు నెలలు కూడా నిలవలేదు. తీర్పు వెలువడే ముందే, నవంబరులో జరిగిన ఎన్నికల్లో మెజారిటీలోని ఒక జడ్జి ఓడిపోయారు. మిషిగన్‌లో సుప్రీంకోర్టు జడ్జీలను ఓటర్లే ఎన్నుకుంటారు. కొత్త సంవత్సరంలో బెంచ్ మారింది. మెరిట్ అప్పటికే కోల్కీ క్రీక్ ప్లాన్ వదులుకుంది కాబట్టి తేల్చడానికి వివాదమే మిగల్లేదంటూ 2011 ఏప్రిల్‌లో కొత్త మెజారిటీ ఆ తీర్పును రద్దు చేసింది. వాగులోకి నీళ్లు రాలేదు, ఆ మేరకు నది గెలిచింది. కానీ తర్వాతి కేసులో వాడుకోవడానికి న్యాయసూత్రం ఏదీ మిగల్లేదు. 2004 నాటి పాత తీర్పు మళ్లీ లేచి కూర్చుంది.

రాష్ట్ర ప్రభుత్వం ఈ కథలన్నిట్లో మూడు టోపీలతో కనిపిస్తుంది. నదికి కాపలాదారు అదే, ఒడ్డు భూమికి యజమాని అదే, చమురు లీజులు వేలం వేసేదీ అదే. దీన్ని కపటం అనేస్తే సులువుగా తేలిపోతుంది గానీ లెక్క అంత సూటిగా లేదు. ప్రభుత్వ భూముల మీద వచ్చే చమురు రాయల్టీలో కొంత పక్కన పెట్టి, దాంతో అడవులు, నది ఒడ్డులు కొనాలని 1976లో మిషిగన్ ఒక నిధి పెట్టుకుంది. పిజన్ రివర్ గొడవలోంచి పుట్టిన ఆలోచనే అది. 1984లో దాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు. 2011 నాటికి ఆ నిధి 50 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితికి చేరింది. మిషిగన్‌లో జనానికి అందుబాటులోకి వచ్చిన ఎన్నో నదీ తీరాలు చమురు డబ్బుతో కొన్నవే. చమురు వద్దనే చేపల వేటగాడు కారు ఆపుకునే స్థలం కూడా ఆ డబ్బుతోనే కొన్నదై ఉండవచ్చు.

ఫ్రాకింగ్, అంటే ఒత్తిడితో నీళ్లు పంపి రాతిని చీల్చి చమురు, గ్యాస్ తీసే పద్ధతి, వచ్చాక లోతు బావుల్లో ఒక్కోదానికి కోట్ల లీటర్ల నీళ్లు కావాల్సి వచ్చింది, దాంతో గొడవ నీళ్లు తోడే దగ్గరికి వచ్చింది. 2008లో మిషిగన్ ఒక మంచి పని చేసింది. భూగర్భ జలం పెద్ద ఎత్తున తోడేవాళ్లు దానివల్ల దగ్గరి వాగులో చేపల సంఖ్య ఎంత తగ్గుతుందో ముందే లెక్క చూపాలి. చల్లటి వాగులకు కడు జాగ్రత్త. చేపను కొలబద్దగా పెట్టి నీటి హక్కు తేల్చే చట్టాలు ప్రపంచంలో అరుదు. చమురు, గ్యాస్ పనులకు మాత్రం ఆ చట్టంలోనే మినహాయింపు ఇచ్చారు! 2011లో రాష్ట్ర అధికారులు శాఖాపరమైన ఉత్తర్వుతో భారీ ఫ్రాకింగ్‌కూ ఆ లెక్క తప్పనిసరి చేశారు. చట్టం వదిలేసిన చిల్లును ఉత్తర్వు పూడ్చింది. ఉత్తర్వును మార్చడానికి చట్టసభ అక్కర్లేదన్నది వేరే సంగతి.

ఈ మధ్య కాలంలో నీపా పునాదే కొంత కదిలింది. 2025 మేలో అమెరికా సుప్రీంకోర్టు యూటా రాష్ట్రంలో ముడి చమురు రవాణాకు వేయదలచిన రైల్వే లైను కేసులో 8-0తో తీర్పిచ్చింది. ఏ ప్రభావాలను ఎంత లోతుగా పరిశీలించాలన్నది ప్రధానంగా ఆ సంస్థ ఇష్టమేనని, కోర్టులు దాని నిర్ణయానికి గట్టిగా విలువ ఇవ్వాలని, ముందు ముందు రాబోయే వేరే ప్రాజెక్టుల ప్రభావం దాకా నివేదికను సాగదీయనక్కర్లేదని చెప్పింది. 2008లో అటవీ శాఖను నిలదీసినంత గట్టిగా ఇప్పుడు ఒక ఫెడరల్ జిల్లా జడ్జి నిలదీయడం కష్టం. అన్వేషణ బావి వెనకాల ఉత్పత్తి బావులు వస్తాయి కదా అన్న వాదనకు అయితే ఇంకా కష్టం.

సవోయ్ ఫైలే ఈ రోజు కొత్తగా వస్తే పిటిషనర్లకు మిగిలే ఆధారాలు వెతకాలి. 1970 రాష్ట్ర చట్టం ఉంది, కానీ పర్మిట్ ఇచ్చిన శాఖను దాని కింద ప్రశ్నించే దారి మూసుకుపోయి ఉంది. కంపెనీ మీద నేరుగా వేయవచ్చు, నష్టం రుజువు చేయగలిగితే. మేసన్ వీలునామా ఉంది, దాని షరతులు పైన నేల గురించే మాట్లాడతాయి. చివరికి అన్నిటికన్నా బలంగా కనిపించేది లీజులోనే రాసి ఉన్న 'పైన నేల ముట్టుకోకూడదు' అన్న ఒక్క వాక్యం. దాన్ని రాయించినది కోర్టు కాదు, లీజు ఇచ్చేటప్పుడు రాష్ట్రమే. ఆ వాక్యం మేసన్ ట్రాక్ట్ హద్దు దగ్గర ఆగిపోతుంది, రిగ్ దానికి అవతల నిలబడుతుంది.